వినే చెవి, పలికే నోరు

బస్తర్ అడవి పల్లెలకు వారపు సంత కేవలం క్రయవిక్రయాల స్థలం కాదు. ఇప్పపువ్వు, చింతపండు, సారపలుకులు, వెదురుబుట్టలు మోసుకొని వచ్చినవారు ఉప్పు, నూనె, బట్ట కొనుక్కొని వెళ్లడంతో సంత పని ముగియదు. చుట్టాల క్షేమం తెలిసేది అక్కడ; పెళ్లి మాటలు కదిలేది అక్కడ; ఏ వాగు పొంగినదీ, ఏ దారి మూసుకుపోయినదీ తెలిసేది అక్కడే. మొబైలు ఫోను వచ్చిన తరువాత ఆ సంతలో మరొక వస్తువు చేతులు మారసాగింది. దానికి తూకం లేదు, వెల లేదు. ఇద్దరు యువకులు తమ ఫోన్లను పక్కపక్కన పట్టుకొని నిలబడతారు. కొద్ది నిమిషాలలో ఒకరి ఫోనులోని పాట మరొకరి ఫోనులోకి చేరుతుంది. నడుమ తీగ లేదు, టవరు లేదు, ఇంటర్నెట్టు లేదు. ఈ విద్యను లోకం బ్లూటూత్ అంటుంది. బస్తర్ జనం నోట అది 'బుల్టూ' అయింది.

ఆ పేరుకు వెనుక పెద్ద ప్రయాణమే ఉన్నది. పదవ శతాబ్దిలో డెన్మార్క్‌ను ఏలిన రాజు హెరాల్డ్. నీలిపన్నువాడు అని అర్థం వచ్చే బిరుదొకటి ఆయనకు ఉండేది. విడివిడిగా ఉన్న తెగలను ఏకం చేసినవాడని ఆయనకు ఖ్యాతి. 1997లో వేర్వేరు కంపెనీల పరికరాలను తీగ లేకుండా కలిపే పద్ధతికి పేరు వెతుకుతున్నప్పుడు, ఇంటెల్ సంస్థకు చెందిన జిమ్ కార్డాక్ అనే ఇంజనీరు ఈ రాజు పేరును సూచించారు. అది తాత్కాలికం కావలసినది, శాశ్వతమై కూర్చున్నది. ఫోను మీద కనబడే ఆ నీలి గుర్తు హెరాల్డ్ పేరులోని రెండు మొదటి అక్షరాలను ప్రాచీన లిపిలో రాసి జోడించినది. వెయ్యేళ్ల నాటి రాజుగారి పన్ను గోదావరికి ఉత్తరాన గల అడవులలో బుల్టూగా మారడం భాషల లోకంలో వింత కాదు. ఏ పదమైనా పుట్టినచోటి అర్థాన్ని అక్కడే వదలి, చేరినచోటి అవసరాన్ని తొడుగుకొంటుంది.

పరికరం చేసే పని తెలుసుకోదగినది. సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు కంపించే రేడియో తరంగాల మీద బ్లూటూత్ నడుస్తుంది. లైసెన్సు అవసరం లేని ఈ తరంగశ్రేణిలోనే వై-ఫై పనిచేస్తుంది, మైక్రోవేవ్ పొయ్యి కూడా పనిచేస్తుంది. అంత రద్దీలో మాట చెదరకుండా ఉండడానికి, జతకట్టిన రెండు పరికరాలు ఒకే బాటలో నిలవక, 79 సన్నని బాటల నడుమ సెకనుకు 1600 సార్లు గెంతుతూ ఉంటాయి. ఏ క్షణాన ఏ బాటలో ఉండవలసినదీ ఆ రెండింటికే తెలుసు. ఇటువంటి గెంతుల ఉపాయానికి 1942లోనే అమెరికాలో ఒక పేటెంటు దక్కింది. దానిని పొందినవారు సినీతార హెడీ లమార్, సంగీతకర్త జార్జ్ ఆంథైల్. శత్రువులు దారి మళ్లించలేని టార్పెడో వారి లక్ష్యం. గెంతులను పియానో మెట్ల సంఖ్యకు సరిగా 88గా వారు కల్పించుకొన్నారు. వారికంటె ముందు, 1895లో, జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో తీగ లేకుండా గోడల కావల గంట మోగించి చూపారు. కాబట్టి చెవిలో పెట్టుకొనే ఈ చిన్న పరికరంలో మన దేశపు పాలు కూడా కొంత ఉన్నది.

బుల్టూ బలమేమిటో సంతలో కనబడుతుంది. దాని పరిమితి ఏమిటో తెలియాలంటే తీగలేని హెడ్‌సెట్ ఒకదానిని లైనక్స్ కంప్యూటరుకు జతచేసి చూడాలి. లైనక్సే ఎందుకంటే, తక్కిన వ్యవస్థలు లోపల జరిగేదానిని పరదా వేసి దాచుతాయి, లైనక్స్ దాచదు. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ వ్యవస్థ అందరి సొత్తు. దాని మూలరచనను ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, పంచవచ్చు. బ్లూటూత్‌కు కావలసిన 'బ్లూజెడ్' అనే భాగం 2001లో దానిలో చేరింది.

జతచేసే క్రమం సులభమే. ముందుగా కంప్యూటరులోని బ్లూటూత్ రేడియో మేల్కొని ఉన్నదో లేదో చూడాలి. కొన్ని లాప్‌టాప్‌లలో విమానప్రయాణపు మీట నొక్కితే అది నిద్రపోతుంది. తరువాత హెడ్‌సెట్ మీది బొత్తామును దీపం వేగంగా మినుకుమనే వరకు అదిమి పట్టాలి. అప్పుడు కంప్యూటరు పరిసరాలను వెతికి ఆ పేరును కనుగొంటుంది. ఇకపైన మూడు ఆజ్ఞలు: పెయిర్, ట్రస్ట్, కనెక్ట్. తెలుగులో చెప్పుకొంటే జతకట్టు, నమ్ము, కలియు. మొదటిది పరిచయం, ఆ సమయంలో రెండు పరికరాలు ఒక రహస్య తాళపుచెవిని పంచుకొంటాయి. రెండవది, ఇకముందు ఈ అతిథి వచ్చినపుడల్లా అనుమతి అడగనక్కరలేదని చెప్పడం. మూడవది నేటి కలయిక. నమ్మకాన్ని మరచినవారి హెడ్‌సెట్, కంప్యూటరును తిరిగి తెరచినప్పుడు తానుగా వచ్చి చేరలేక, వీధిలో నిలిచిన చుట్టంలా ఉండిపోతుంది. జత కుదరక మొండికెత్తినపుడు పాత పరిచయాన్ని రెండు వైపులా చెరిపివేసి మళ్లీ మొదలుపెట్టడమే మేలైన చికిత్స. కంప్యూటరు ఎడమవైపున, హెడ్‌సెట్ రేడియో కుడిచెవిలో ఉన్నప్పుడు పాట తెగుతూ వస్తే యంత్రాన్ని తప్పుపట్టరాదు. మనిషి దేహంలో నీటి పాలు ఎక్కువ. ఆ తరంగాలను నీరు పీల్చివేస్తుంది.

ఇంతవరకు జరిగిన తరువాత పాట అద్భుతంగా వినబడుతుంది. తంబుర నాదం, తబలా చప్పుడు, గాయని ఊపిరి కూడా చెవిలో పలుకుతాయి. చిక్కు దీని తరువాత వస్తుంది. దూరాన ఉన్నవారితో మాట్లాడుదామని హెడ్‌సెట్‌లోని మైకు తెరవగానే, అంతవరకు పొంగిన సంగీతం హఠాత్తుగా చదునైపోతుంది. ఎవరో పక్కగదిలో తలుపు మూసుకొని పాడుతున్నట్లుగా ఉంటుంది. హెడ్‌సెట్ చెడిపోయిందనుకొని దుకాణానికి తిరిగి ఇచ్చినవారు ఉన్నారు. లైనక్స్‌నే తిట్టుకొన్నవారూ ఉన్నారు. నిజానికి ఏదీ చెడిపోలేదు.

సంప్రదాయ బ్లూటూత్‌కు రెండు స్వభావాలు ఉన్నాయి. మొదటిది వినిపించడానికే పుట్టినది. దానిని ఏ2డీపీ అంటారు. అందులో ధ్వని ఒకే దిక్కున, విశాలమైన దారిలో సాగుతుంది. సెకనుకు మూడు లక్షల బిట్లకు పైగా ధ్వనిని మోయగలదు. ఎడమ కుడి చెవులకు వేరువేరు ధ్వనులు చేరుతాయి. రెండవది సంభాషణకు పుట్టినది. దాని పేరు హెచ్‌ఎఫ్‌పీ. అందులో మాట రెండు దిక్కులా నడవాలి, ఆలస్యం కాకుండా నడవాలి. ఆ కారణంగా దారిని ఇరుకు చేసి, దిక్కుకు 64 వేల బిట్లు మాత్రమే కేటాయించారు. పాత పద్ధతిలో ధ్వనిని సెకనుకు 8000 సార్లు మాత్రమే కొలుస్తారు. కాబట్టి 4000 కంపనాలకు పైబడిన స్వరాలు రాలిపోతాయి. 'స'కారపు ఈల చాలా భాగం ఆ పైన గల స్వరాలలోనే ఉంటుంది. టెలిఫోనులో ఎస్ అన్నది ఎఫ్‌లా వినబడి, పేరు చెప్పి విడమర్చవలసి రావడం అందువల్లనే. తరువాత వచ్చిన పద్ధతి ఈ కొలతను 16000కు పెంచింది; మాట తేటపడింది కాని సంగీతానికి అది ఇంకా చాలదు.

ఉపాయాలు లేకపోలేదు. 2021 నుంచి ఫెడోరా వంటి లైనక్స్ పంపిణీలలో ధ్వని వ్యవహారాన్ని 'పైప్‌వైర్' అనే వ్యవస్థ చూస్తున్నది. అది మైకు అవసరాన్ని కనిపెట్టి ఒక స్వభావంనుంచి మరొకదానికి తానే మారుతుంది, పని ముగిశాక తిరిగి వస్తుంది. ధ్వని అమరికల పేజీలో ఈ రెండు స్వభావాలూ పేర్లతో సహా కనబడతాయి. వాడుకరి తన చేతితోనే ఎంచుకోవచ్చు. వినడం హెడ్‌సెట్‌తోనూ, పలకడం లాప్‌టాప్‌లోని మైకుతోనూ సాగిస్తే సంగీతం చెడదు. 2022లో నిబంధనలు పూర్తి అయిన 'ఎల్ఈ ఆడియో' అనే కొత్త పద్ధతి రెండు దిక్కులా మంచి ధ్వనిని తక్కువ బిట్లతోనే మోయగలదు; అయితే దానికి హెడ్‌సెట్, కంప్యూటరు రెండూ కొత్తవై ఉండాలి.

ఇంజనీరుకు ఇది దారి వెడల్పు లెక్క. ఆలోచించేవారికి ఇందులో ఇంకొక సంగతి తోస్తుంది. ఒకవైపు నుంచే సాగే ధ్వని మధురంగా ఉంటుంది. ఎదుటివాడికి కూడా నోరు ఇచ్చిన క్షణాన ఆ మాధుర్యం తగ్గుతుంది. అది సంభాషణకు చెల్లించే సుంకం. ఈ సుంకాన్ని చెల్లించడానికి ఇష్టపడేవారు ఎవరు, ఎందుకు అన్న ప్రశ్నకు బస్తర్‌లో ఒక జవాబు దొరికింది.

పూర్వపు బస్తర్ జిల్లా 39 వేల చదరపు కిలోమీటర్లకు పైబడి, కేరళ రాష్ట్రం కంటె పెద్దది. దఫదఫాలుగా జరిగిన విభజనలతో అది నేడు ఏడు జిల్లాలు. అక్కడ గోండీ, హల్బీ, దోర్లీ, ధుర్వా మొదలైన భాషలు పలుకుతారు. ఇందులో గోండీ తెలుగుకు దగ్గర చుట్టం. గోండులు రెండును 'రండ్' అంటారు, మూడును 'మూండ్' అంటారు. నీరు వారికి 'ఏర్', మనకు ఏరు. 2011 జనాభా లెక్కలలో గోండీ తమ భాష అని చెప్పినవారు దేశంలో 29 లక్షలకు పైగా ఉన్నారు. అయినా రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో దానికి చోటు లేదు. లిపి కూడా ఒక్కటి కాదు. ఒకచోట దేవనాగరి, ఒకచోట తెలుగు. మన ఆదిలాబాద్ ప్రాంతపు గుంజాలలో 2006 ప్రాంతాన వెలుగు చూసిన వ్రాతప్రతులలో మరొక సొంత లిపి. అదే లెక్కల్లో దంతేవాడ, బీజాపూర్ జిల్లాలలో అక్షరాస్యులు నూటికి 40 మందికి కాస్త అటూ ఇటూగా తేలారు. అటువంటిచోట పత్రిక పనిచేయదు. పనిచేయవలసినది గొంతు.

ఆ గొంతుకు దారి ఏది? రేడియో దశాబ్దాలుగా ఉన్నది. అది వినిపించింది, వినలేదు. చేతిపంపు చెడిపోయిన పల్లెకు, పింఛను ఆగిన వృద్ధురాలికి ఆకాశవాణి పాటలు చేరాయి గాని, వారి మాట స్టూడియోకు చేరే ఏర్పాటు లేదు. సముదాయ రేడియోలకు 2006 విధానం తలుపులు తెరచినా, వార్తలు చెప్పరాదన్న నిషేధాన్ని గడపమీదనే ఉంచింది. దీనికితోడు దశాబ్దాల సాయుధ సంఘర్షణ ఆ అడవులలో మనుషుల రాకపోకలనే కష్టం చేసింది.

శుభ్రాంశు చౌధరి ఛత్తీస్‌గఢ్‌లోనే పెరిగి, బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు. అడవిలోని సంఘర్షణకు సంభాషణ తెగిపోవడమే ఒక మూలమని ఆయన తలపోశారు. 2010లో 'సీజీనెట్ స్వర' ఆరంభమైంది. దాని వెనుక మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పనిచేసిన బిల్ థీస్ వంటి పరిశోధకుల సహకారం ఉన్నది. యంత్రం మాత్రం నిరాడంబరమైనది. లైనక్స్ కంప్యూటరు ఒకటి, ఆస్టరిస్క్ అనే ఉచిత టెలిఫోను వ్యవస్థ, కొన్ని ఫోను లైన్లు. పల్లెలోని మనిషి ఆ నంబరుకు మోగించి పెట్టివేస్తే, యంత్రమే తిరిగి మోగిస్తుంది. కాబట్టి ఖర్చు అతనిది కాదు. చెప్పుకోవాలంటే ఒక అంకె, వినాలంటే ఇంకొక అంకె నొక్కమంటుంది. కొద్ది నిమిషాల నిడివిలో తన భాషలో తన సంగతి చెప్పవచ్చు. సంపాదకులు దానిని విని, నిజానిజాలు విచారించి, మిగిలినవారు వినేలా ఉంచుతారు.

చెప్పినవి పెద్ద విషయాలు కావు, బతుకులో అంతకంటె పెద్దవీ లేవు. ఉపాధి హామీ కూలి నెలల తరబడి రాలేదని, బడిలో మధ్యాహ్న భోజనం సరిగా పెట్టడం లేదని, చేతిపంపు బాగుచేసేవారు లేరని. చెప్పే మనిషి చివరన సంబంధిత అధికారి ఫోను నంబరును కూడా చదివేవాడు. వినేవారంతా ఆ అధికారికి ఫోను చేసి అడగమని వేడుకొనేవాడు. ఎక్కడో పట్టణంలో ఉన్న అపరిచితులు నిజంగానే ఫోను చేసేవారు. కొన్ని సందర్భాలలో కూలి అందింది, పంపు పనిచేసింది. మొదట చెప్పినవారే తిరిగి ఫోను చేసి కృతజ్ఞత చెప్పేవారు. ఫిర్యాదుల నడుమ పాటలు కూడా వచ్చేవి. 2014లో ఈ ప్రయత్నానికి లండనులోని 'ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్' సంస్థ డిజిటల్ ఉద్యమ పురస్కారం ఇచ్చింది.

ఆ ధ్వని ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. హెడ్‌సెట్ మైకు తెరచినపుడు వినబడే ఆ ఇరుకు గొంతే. టెలిఫోను కూడా అదే 8000 కొలతల మీద నడుస్తుంది. వెనుక కోడి కూత, గాలి హోరు, మాట నడుమ తడబాటు. శ్రోతలు దానిని సహించలేదు, కోరుకొన్నారు. ఎవరూ లేని స్టూడియో నుంచి వచ్చే నిర్మలధ్వని కంటె, తమ పక్క ఊరి మనిషి గరగరమనే గొంతే వారికి విలువైనది. నాణ్యత అనే మాటకు ఇక్కడ అర్థం మారింది. ఎంత తేటగా వినబడింది అన్నది ఒక కొలత. ఎవరు వినబడ్డారు అన్నది మరొకటి.

అయినా ఫోను మోగడానికి టవరు కావాలి. లోతట్టు పల్లెలకు అది లేదు. ఆ లోటు తీర్చడానికి ఆ దశకం నడుమ వచ్చిన ఆలోచనే బుల్టూ రేడియో. సంతలో పాటలు చేతులు మారుతున్న దారి ముందే సిద్ధంగా ఉన్నది. దానిమీద వార్తను నడిపించడమే చేయవలసిన పని. పల్లెలో ఒకరు తన ఫోనులో మాటను, పాటను రికార్డు చేస్తారు. ఇంటర్నెట్టు ఉన్న పంచాయతీకి వెళ్లే మనిషి దానిని బుల్టూలో తీసుకొని పోతాడు. అక్కడినుంచి అది సంపాదకులకు చేరి, మరికొన్ని గొంతులతో కలసి ఒక కార్యక్రమమై తిరిగి వస్తుంది. మళ్లీ ఫోను నుంచి ఫోనుకు, సంత నుంచి పల్లెకు, పల్లె నుంచి గడపకు. ఇది క్షణాలలో చేరే వార్త కాదు, వారం పట్టినా పట్టవచ్చు. తరంగం పది మీటర్లు మాత్రమే పోతుంది. మిగిలిన దూరమంతా మనిషి కాళ్లు నడుస్తాయి.

ఇందులో ఒక మర్యాద కూడా ఉన్నది. బుల్టూలో ఒకరిది ఒకరు తీసుకోవాలంటే ఇద్దరూ ఎదురుగా నిలవాలి. ఇచ్చేవాడు ఇవ్వాలి, పుచ్చుకొనేవాడు ఒప్పుకోవాలి. లైనక్స్ ఆజ్ఞలలోని జతకట్టు, నమ్ము, కలియు అనే క్రమం సంతలో మనుషుల నడుమ జరుగుతుంది. ఎవరు పంపినదో తెలియని మాట అక్కడ తక్కువ. నేడు ఒక్క వేలి తాకిడితో వేలమందికి చేరే అబద్ధాన్ని చూస్తున్నవారికి ఈ నిదానం లోపంగా తోచదు.

ఈ ప్రయత్నాన్ని దోషరహితమనడం న్యాయం కాదు. ఇటువంటి పనికి బయటినుంచి వచ్చే నిధులు ఆధారం. అవి సన్నగిల్లితే గొంతు సన్నగిల్లుతుంది. ఏ మాట వినిపించాలో నిర్ణయించే సంపాదకుడి చేతిలో అధికారం ఉండనే ఉన్నది. అధికారి ఫోను ఎత్తకపోతే యంత్రం చేయగలిగినది లేదు. గోండీలో రాసిన వార్తను యంత్రస్వరంతో చదివి వినిపించే 'ఆదివాసీ రేడియో' 2018లో మొబైలు ఫోన్లలోకి వచ్చింది. అది వినే దారిని వెడల్పు చేసింది గాని, పలికినదానికి జవాబు చెప్పవలసినది చివరకు మనిషే.

అందుచేత తీగలేని హెడ్‌సెట్‌ను లైనక్స్‌కు జతచేసి, మైకు తెరవగానే సంగీతం మసకబారినందుకు విసుగు చెందేవారు కొంత తాళవచ్చు. విశాలంగా వచ్చిన దారిలో సగం ఎదుటివారి కోసం ఖాళీ చేయబడింది, అంతే. చౌకగా లభించే వేరొక మైకుతో ఆ ఇబ్బంది తీరుతుంది. సుక్మా, బీజాపూర్ అడవులు తెలుగు పొలిమేరకు ఆనుకొనే ఉన్నాయి. రెండును రెండని, మూడును మూడని ఇంచుమించు మనలాగే లెక్కించే మనుషులు అక్కడ ఉన్నారు. వారి మాట ఈవలి దరికి చేరడానికి దారి ఏనాడో పడింది. ఇంకా పెరగవలసినది ఈ దరిన వినే చెవుల సంఖ్య.